ట్రాపికల్ అంటే ఎండ కాదండీ

మూడేళ్ల కిందట ఆ మైసూరు గడియారం తీగ కొనేటప్పుడు నర్సరీ కుర్రాణ్ని నేను అడిగింది ఒకటే. "మా బాల్కనీకి పడమటెండ బాగా కొడుతుంది బాబూ, తట్టుకుంటుందా?" కుండీకి వేలాడుతున్న ప్లాస్టిక్ చీటీని తిప్పి చూపించాడు. పందిరి మీద నుంచి వేలాడే పసుపూ ఎరుపూ పూలగుత్తుల ఫొటో, కింద 'ట్రాపికల్ క్లైంబర్' అన్న రెండు ముక్కలు. "ట్రాపికల్ అని రాసే ఉంది కదా మేడమ్, మన ఎండకి ఢోకా లేదు" అన్నాడు. సబబుగానే తోచింది. మనది ట్రాపికల్ దేశం, అది ట్రాపికల్ మొక్క, ఇంక పేచీ ఏముంది? 650 రూపాయలిచ్చి, ఆటోలో కాళ్ల మధ్య పెట్టుకుని మియాపూర్ తెచ్చుకున్నాను.

ఈ మూడేళ్లలో అది పూసిన పూలు సున్నా. వానాకాలంలో మాత్రం బాగానే సాగింది. రెండో ఏడు చలికాలంలో ఒక్క గుత్తి వేసింది. ఇరవై దాకా మొగ్గలు లెక్కపెట్టి ఇంట్లో అందరికీ చూపించాను. ఫిబ్రవరి ఆఖరుకి అవి ఒక్కొక్కటే పసుపెక్కి రాలిపోయాయి. ఏప్రిల్లో ఆకుల అంచులు మాడిన అప్పడంలా అయ్యాయి. మే నెల వడగాలికి సగం తీగ ఎండిపోయింది. కోకోపీట్ మార్చాను, గ్రీన్ నెట్ కట్టాను, అరటితొక్కల నీళ్లు పోశాను, పుల్లమజ్జిగ పోశాను. చూడ్డానికి వచ్చిన అమ్మ "మల్లెకున్న బుద్ధి దీనికి లేదే" అని మాత్రం అంది. ఆ మాట అప్పుడు నవ్వులాటగా తీసుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే మొత్తం విషయం అందులోనే ఉంది.

మిద్దెతోటల గ్రూపుల్లో ఒక మాట తరచూ వినబడుతుంది: ప్రేమగా చూసుకుంటే ఏ మొక్కయినా ఎక్కడైనా పెరుగుతుంది అని. దానితో నాకు పేచీ ఉంది. మొక్క చచ్చిపోయినప్పుడల్లా తప్పు పెంచినవాళ్ల మీదికి నెట్టే మాట అది. నీళ్లు ఎక్కువయ్యాయి, తక్కువయ్యాయి, ప్రేమ చాల్లేదు. అసలు ఈ మొక్క పుట్టిల్లు ఏది, అక్కడ రాత్రి ఎంత చల్లగా ఉంటుంది అని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

నిరుడు జనవరిలో నీలగిరి కొండల్లోని కూనూరు వెళ్లినప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. మేం దిగిన గెస్ట్‌హౌస్ గేటుకీ మెట్లకీ మధ్య ఇనుప పైపులతో వేసిన పందిరి ఉంది. పొద్దున్నే శాలువా కప్పుకుని బయటికొచ్చి దాని కింద నిలబడ్డాను. పైనుంచి తాళ్లు వదిలినట్టు గుత్తులు, కొన్ని మూరెడు, కొన్ని గజం దాకా. నా తీగే! నా తీగ ఇలా ఉండాలన్నమాట. చూస్తుండగా నుదుటి మీద చుక్క పడింది. మంచు అనుకుని తుడుచుకుంటే వేలికి జిగురు అంటింది. నాలిక మీద పెట్టుకుంటే తీపి. మెట్ల మీద నల్లటి జిగురు మరకలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. తేనె కారేంత నింపుకునే పువ్వు అది.

రాలిన పువ్వు ఒకటి తీసుకుని మెట్టు మీద కూర్చున్నాను. కాలేజీలో బోటనీ చదివినప్పటి అలవాటు, గోటితో విప్పి చూడందే మనసు ఊరుకోదు. పువ్వు రెండంగుళాలు ఉంటుంది. మొదట్లో రెండు ముదురెరుపు డిప్పలు, చెరో పక్క నుంచి చేతులు జోడించినట్టు పట్టుకుని ఉన్నాయి. ఎవరైనా వాటిని రక్షకపత్రాలే అనుకుంటారు. కావు, లఘుపుచ్ఛాలు, అంటే పువ్వు కాడ మీద పుట్టే చిన్న ఆకులు. మొగ్గను కాపాడే పనంతా వాటిదే. అసలు రక్షకపత్రావళి ఎక్కడుందని డిప్పలు పీకి చూస్తే, అడుగున గోటికి తగిలీ తగలనంత సన్నని అంచు, అంతే. పని వేరేవాళ్లు చేస్తుంటే కుర్చీ మాత్రం మిగిలిన ఉద్యోగి లాంటిది (మా ఆఫీసులోనూ ఉన్నారు, పేర్లు చెప్పను). పైన పసుపు గొట్టం, నోరు పెద్దగా తెరుచుకుని. అంచు తమ్మెలు గోధుమ కలిసిన ఎరుపు, వెనక్కి మడుచుకుని ఉంటాయి. పై తమ్మెల కింద, కప్పు కింద నిలబడ్డట్టు నాలుగు కేసరాలు. పరాగకోశాల అడుగున చిన్న గట్టి ముళ్లలాంటివి పొడుచుకొచ్చి ఉన్నాయి. తేనె గొట్టం అడుగున. వాసన చూశాను, ఏమీ లేదు.

వాసన లేకపోవడం, ఎరుపూ పసుపూ, పలచటి తేనె అంతంత ఉండటం చూస్తే ఈ పువ్వు ఎదురుచూసేది తేనెటీగ కోసం కాదని తెలుస్తుంది. పిట్ట కోసం. తేనె కావాలంటే పిట్ట తల లోపలికి దూర్చాలి. తల దూరిస్తే ఆ ముళ్లకి తగులుతుంది, కోశాలు కదిలి పుప్పొడి నెత్తిన రాలుతుంది. మరో పువ్వుకి వెళ్లినప్పుడు ఆ పుప్పొడి అక్కడి కీలాగ్రానికి అంటుతుంది. పావుగంట కూర్చున్నాను. ఒక తేనెపిట్ట రానే వచ్చింది. గుత్తి కాడను కాళ్లతో పట్టుకుని, తలకిందులుగా వంగి, ఒక్కో పువ్వులోనూ ముక్కు పెట్టి కిందికి దిగుతూ పోయింది. అమెరికా ఖండాల తోటల్లో ఇదే తీగ దగ్గరికి హమ్మింగ్‌బర్డ్‌లు వస్తాయి, గాల్లో నిలబడి తాగుతాయి. మన తేనెపిట్ట చాలావరకు కూర్చుని తాగే రకం. దానికి కాలు ఆనించే చోటు కావాలి. గజం పొడవు గుత్తికాడ దానికి నిచ్చెనలాగా పనికొస్తోంది.

గుత్తి పూసే వరస కూడా సరదాగా ఉంటుంది. మొదలు దగ్గర మొగ్గలు ముందు విచ్చుకుంటాయి, కొస ఇంకా పెరుగుతూనే ఉంటుంది. గుత్తి తలకిందులుగా వేలాడుతోంది కాబట్టి మనకు పైన రాలిపోయిన పూల ఖాళీ తొడిమలు, మధ్యలో విచ్చినవి, కింద మొగ్గలు, అట్టడుగున ఇంకా మొగ్గ కూడా కాని పచ్చటి కొస కనబడతాయి. ఒక గుత్తి వారాల తరబడి పూస్తూ ఉంటుందంటే కారణం ఇదే. పిట్టకి రోజూ కొత్త పూలు ఉండాలి కదా.

ఇంత చూశాక మా బాల్కనీ గుర్తొచ్చి సిగ్గేసింది. అక్కడ గోడ మూడున్నర అడుగుల ఎత్తు. గజం గుత్తి వేస్తే దాదాపు నేలని తాకాల్సిందే. ఇది తల మీదికి ఎక్కి, అక్కడి నుంచి కిందికి పూలు వదిలే తీగ. అడవిలో చెట్టెక్కి అంచున వేలాడే జీవి. దానికి పందిరి కావాలి, నేను గ్రిల్లు ఇచ్చాను. అదీ వెడల్పాటి అడ్డపట్టీల గ్రిల్లు.

ఇక్కడ చిన్న పక్కదారి. నర్సరీవాళ్లకు ఎక్కేదల్లా 'క్రీపర్' ఒక్కటే. మన ఇళ్లలో పాదులు పెట్టిన ఆడవాళ్లకు మాత్రం తేడాలు బాగా తెలుసు. చిక్కుడు ఒళ్లంతా తిప్పి రాటను చుట్టుకుంటుంది. కాకర, బీర నులితీగలతో పట్టుకుంటాయి. మిరియం కణుపుల దగ్గర వేళ్లేసి చెట్టును కరుచుకుంటుంది. కాగితప్పూల చెట్టు ముళ్లు తగిలించి వాలుతుంది. అందుకే చిక్కుడుకి కర్ర పాతుతాం, బీరకి పందిరి మీద కంపో తాళ్లో పరుస్తాం. డార్విన్ 1865లో ఎగబాకే మొక్కల మీద పెద్ద వ్యాసం రాశాడు. కాండం కొస గాల్లో గుండ్రంగా తిరుగుతూ ఆధారాన్ని ఎలా వెతుక్కుంటుందో గంటలు లెక్కపెట్టి మరీ చూశాడు. నా తీగ చిక్కుడు రకం. నులితీగలు లేవు, వేళ్లు లేవు. దానికి కావలసింది నిలువు తాడు. అడ్డపట్టీల మధ్య దాని కొస ఎన్ని రోజులు ఊరికే తిరిగిందో పాపం.

దీని అసలు పేరు థన్‌బెర్జియా మైసూరెన్సిస్. ఇంగ్లిషులో మైసూరు గడియారం తీగ అంటారు, నాకైతే ఎక్కడా గడియారం కనబడలేదు. పువ్వు ఆకారాన్ని బట్టి లేడీస్ స్లిప్పర్ అని కూడా అంటారు, అది నయం. మైసూరు అన్నది చూసి ప్యాలెస్ ఉన్న ఊరు అనుకోకండి. ఆ పేరు పెట్టిన రోజుల్లో మైసూరు అంటే మొత్తం రాజ్యం. ఈ తీగ పుట్టిల్లు పడమటి కనుమల తడి అడవులు, కర్ణాటక, కేరళ, తమిళనాడు కొండలు. ఇక థన్‌బర్గ్ అంటే 1743లో పుట్టిన స్వీడన్ శాస్త్రవేత్త, మొక్కల వర్గీకరణకి ఆద్యుడైన లినేయస్ శిష్యుడు, జపాన్ మొక్కల మీద పని చేసినవాడు. ఆయన మైసూరు ముఖం చూసిందే లేదు.

'మైసూరెన్సిస్' అని పేరు పెట్టింది రాబర్ట్ వైట్, మద్రాసులో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా చేరిన స్కాట్లండ్ మనిషి. మొదట దీన్ని హెక్సాసెంట్రిస్ అనే వేరే ప్రజాతిలో పెట్టాడు. 'సెంట్రిస్' అంటే ముల్లు, కోడికాలి ముల్లులాంటిది. నేను గోటితో తడిమిన ఆ పరాగకోశాల ముళ్లు ఆయన కంటా పడ్డాయన్నమాట. ఆయన 1838 నుంచి 1853 దాకా ఆరు సంపుటాల్లో రెండువేల పైచిలుకు మొక్కల బొమ్మలు అచ్చువేశాడు. ఆ బొమ్మలు చాలావరకు వేసింది ఇద్దరు దక్షిణాది చిత్రకారులు, రంగయ్య, గోవిందు. పేర్లు వింటే మన పక్కింటివాళ్లలా ఉన్నారు. గోవిందు పేరు మీద వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని పేరు కూడా పెట్టాడు. తర్వాతివాళ్లు దాన్ని ట్రోపిడియాలో కలిపేశారు, పేరు పోయింది.

ఆ కాలపు బొమ్మలంటే నాకు పిచ్చి ఇష్టం. అయినా ఒక ఫిర్యాదు ఉంది. వాటిలో మొక్క ఉంటుంది, విప్పిన పువ్వు ఉంటుంది, కేసరం పెద్దదిగా చేసి పక్కన ఉంటుంది. వెనకాల మాత్రం తెల్ల కాగితం. కొండ లేదు, మంచు లేదు, చెట్టు లేదు, పిట్ట లేదు. శాస్త్రానికి అది అవసరమే, కాదనను. కానీ నర్సరీ చీటీ మీద ఫొటో దాకా వచ్చింది ఆ తెల్ల కాగితమే. గోవిందు బొమ్మలో కనీసం పువ్వు లోపలేముందో కనబడేది. చీటీలో అదీ లేదు.

ఇప్పుడు అసలు తగాదాకి వస్తాను. ట్రాపికల్ అంటే ఏమిటి? కర్కటరేఖకీ మకరరేఖకీ మధ్య ఉన్న నేల. అది అడ్డంగా గీసిన గీతల లెక్క. ఎంత ఎత్తున ఉన్నామో ఆ లెక్కలో లేదు. భూమధ్యరేఖ పక్కనే, ఈక్వడార్‌లో ఉన్న కీటో నగరం 2,850 మీటర్ల ఎత్తున ఉండి ఏడాది పొడవునా స్వెట్టర్ వాతావరణంలో బతుకుతుంది. కిలిమంజారో మీద మంచు ఉంటుంది, అదీ ట్రాపికలే. మన దగ్గరే చూడండి. కూనూరు భూమధ్యరేఖకి హైదరాబాద్ కంటే దగ్గర. కూనూరు 11 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, హైదరాబాద్ 17 మీద. గీతల లెక్కన కూనూరే ఎక్కువ ట్రాపికల్! కానీ కూనూరు ఎత్తు దాదాపు 1,850 మీటర్లు, హైదరాబాద్ 540. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, ఒక్క ఎత్తు వల్లే 8 డిగ్రీల పైచిలుకు తేడా. దానికి తోడు మంచు, మబ్బు, గాలిలో తేమ. మే నెలలో మా బాల్కనీలో సాయంత్రం ఏడు గంటలకు కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం.

పగటి ఎండ కాదు, ఆ రాత్రి వేడే ఇలాంటి మొక్కలకు అసలు దెబ్బ. ఆకు పగలు వండుకున్న చక్కెరలో కొంత రాత్రి శ్వాసకే ఖర్చవుతుంది. రాత్రి చల్లగా ఉంటే ఖర్చు తక్కువ, మిగిలింది మొగ్గకీ పువ్వుకీ వెళుతుంది. రాత్రి వేడిగా ఉంటే సంపాదించింది సంపాదించినట్టే కరిగిపోతుంది, ఇరవై మొగ్గలను పోషించడానికి ఏమీ మిగలదు. దీని ఆకులు పొడుగ్గా, కొస సాగి, బిర్యానీ ఆకు మీదిలా మొదలు నుంచి మూడు ఈనెలతో ఉంటాయి. పలచటి ఆకు, తడి గాలికి అలవాటు పడినది. దాన్ని తెచ్చి వడగాలిలో పెడితే అప్పడం కాక ఏమవుతుంది?

పువ్వు విషయంలో మరచిపోతాం గానీ, పంటల విషయంలో ఈ సంగతి మనకు బాగా తెలుసు. అరబికా కాఫీ ఇథియోపియా ఎత్తు నేలల్లో చెట్లనీడన పుట్టింది. అది అచ్చమైన ట్రాపికల్ మొక్క. అయినా తెచ్చి రాజమండ్రి మైదానంలో వెయ్యమని ఎవరూ అనరు, అరకు పాడేరు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన వేశారు. అరకు వ్యాలీ అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందంటే ఆ ఎత్తుకీ నీడకీ అందులో వాటా ఉంది. బంగాళాదుంప ఆండీస్ కొండలది, అదీ ట్రాపికల్ కొండ మొక్కే. చల్లటి రాత్రులు లేకపోతే దుంప ఊరదు కాబట్టే జహీరాబాద్ రైతులు దాన్ని రబీలో వేస్తారు గానీ మే నెలలో వెయ్యరు. తిండి దగ్గర ఇంత తెలిసిన మనం అందానికి వచ్చేసరికి ఎందుకు చీటీని నమ్ముతాం? పూలమొక్క సరుకు అనే అనుకుంటున్నాం కాబట్టి. సోఫాకి ఊరు ఉండదు కదా, మొక్కకీ ఉండదనుకుంటున్నాం.

"మరి మా బంధువుల ఇంట్లో బెంగళూరులో పూస్తోంది" అని ఒకావిడ నాతో వాదించింది. పూస్తుంది, ఎందుకు పూయదు? బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, పుట్టింటికీ దగ్గరే. ఇంగ్లండ్‌లో కూడా పూస్తుంది, అద్దాల ఇంట్లో పెట్టి చలికాలమంతా వెచ్చబెడితే. అక్కడివాళ్లు కరెంటు ఖర్చుపెట్టి వెచ్చదనం కొంటున్నారు. నేను చల్లదనం కొనాలి, బాల్కనీకి ఏసీ పెట్టాలి. అది ప్రేమ అనిపించుకోదు, ఇంకేదో అనిపించుకుంటుంది.

దీని చుట్టాలు మన దగ్గర చక్కగా బతుకుతున్నాయని మాత్రం చెప్పాలి. అకాంథేసీ కుటుంబం ఇది. మన జడల్లో కనకాంబరం, పెరట్లో డిసెంబరు పూలు, దగ్గుకి అడ్డసరం, జ్వరానికి నేలవేము, అన్నీ ఈ ఇంటివే. పన్నెండేళ్లకోసారి మున్నార్ కొండల్ని నీలంగా మార్చే కురింజి కూడా, 2006లోనూ 2018లోనూ పూసింది. ఈ కుటుంబంలో చాలా వాటి కాయలు ఎండి పగిలినప్పుడు లోపలి కొక్కేలు గింజల్ని విసిరికొడతాయి. థన్‌బెర్జియాలకు ఆ కొక్కేలు లేవు. కాయ గుండ్రంగా ఉండి కొసన ముక్కు, అచ్చం పిట్ట తలకాయ. తూర్పు కనుమల్లో తెల్లపూల థన్‌బెర్జియా ఒకటి తనంతట తానే పెరుగుతుంది, దాన్ని ఏ నర్సరీలోనూ నేను చూడలేదు.

చోటు తప్పిన తీగ ప్రతిసారీ చావదు, అది ఇంకో తలనొప్పి. ఇదే ప్రజాతిలో నీలంపూల గ్రాండిఫ్లోరాని ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో అందానికని పెంచితే, అది భూమిలో దుంపలేసి, చెట్లమీద దుప్పటిలా పరుచుకుని వాటిని మింగేసే కలుపుగా మారింది. ఆఫ్రికా నుంచి వచ్చిన నారింజరంగు అలాటా, నల్ల కన్ను పువ్వు, నీలగిరి రోడ్ల పక్కన ఎవరూ వెయ్యకుండానే అల్లుకుపోతోంది. మేం కారు ఆపి ఫొటోలు తీసుకున్న 'అడవి పువ్వు' అదేనని తర్వాత తెలిసింది. నా తీగ అరకులో బతుకుతుందేమో, అక్కడి రిసార్టులవాళ్లు తెచ్చి వెయ్యొచ్చు కదా అని ఒక స్నేహితురాలు అడిగితే నేను సరే అనలేకపోయింది అందుకే. కుండీలో ఒక తీగ వేరు, కొండంతా వదలడం వేరు.

కూనూరు నుంచి వచ్చాక బాల్కనీలో రాధామనోహరం పెట్టాను. అది కూడా ఎక్కే తీగే, మా ఎండకి అసలు చలించదు. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగై, ఆ తర్వాత ఎర్రబడుతుంది, వాసన ఇల్లంతా. మే నెలలో కూడా గుత్తులు వేసింది. అమ్మ ఫోన్‌లో ఫొటో చూసి "ఇదీ మొక్కంటే" అంది. ఆవిడతో నేను ఏకీభవించను. పడమటి కనుమల తీగ తప్పేమీ లేదు, దాన్ని పడమటెండలో పెట్టిన నాదే.

దాన్ని పారెయ్యడానికి మనసొప్పలేదు. మా తమ్ముడు మదనపల్లెలో ఉంటాడు. హార్సిలీ హిల్స్ అంత చలి ఊళ్లో లేదు గానీ మా మియాపూర్ గోడల వేడీ లేదు. వాళ్ల పెరట్లో వేపచెట్టు కింద పాత పందిరి రాటలు ఖాళీగా ఉన్నాయి. పూస్తుందని వాడికి మాటివ్వలేదు, నిలువు తాళ్లు కట్టమని మాత్రం చెప్పాను. మొన్న వచ్చినప్పుడు తీగను మోకాలెత్తుకి కత్తిరించి, వేళ్ల చుట్టూ గోనెపట్టా తడిపి చుట్టి ఇచ్చాను. బస్సు టాప్ మీద పెట్టించెయ్యరా అన్నాను.

"వద్దులే అక్కా, దీని సంగతి విన్నాక టాప్ మీద ఎండలో ఏం పెడతాను? ఒళ్లో పెట్టుకుంటా" అన్నాడు. రాత్రి బస్సుకే టికెట్ తీసుకున్నాడు.